భోజనాల తర్వాత వచ్చిన హక్కు

ఏడోలంక, తూర్పు వరస కొక్కేల తనిఖీ పుస్తకం
రాస్తున్నది: వాసంశెట్టి తాతబ్బాయి, కొక్కేల మెకానిక్

సభకు ఇరవై రోజులు

కొక్కేలు నూటనలభై చూశాను. మూడు మార్చాను. పదకొండో పంటుకీ పన్నెండో పంటుకీ మధ్య గొలుసు కీచుమంటోంది, గ్రీజు పెట్టాను.

ఈ పుస్తకంలో కొక్కేల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. కానీ దీన్ని ఎవరూ చదవరు. ఆ విషయం నాకు రుజువైంది. ఆరు నెలల క్రితం "తూర్పు వరస మీద ఏనుగు నడిచింది, గొలుసులు తట్టుకున్నాయి" అని రాశాను. ఇంతవరకూ ఆ ఏనుగు గురించి ఎవరూ అడగలేదు. కాబట్టి నా బాధ ఇక్కడే రాసుకుంటాను.

మా ఏడోలంక సముద్రం మీద తేలే ఊరు. రెండొందల పన్నెండు పంట్లు, అంటే చదునైన పెద్ద పడవలు, ఒక్కో దాని మీద రెండో మూడో కుటుంబాలు. మొదటి ఆరు లంకలూ ఏమయ్యాయని పెద్దవాళ్లని అడగకండి, వాళ్ల ముఖాలు మాడిపోతాయి. పంట్లన్నీ కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. కొక్కెం ఊడితే ఇరుగుపొరుగు మారిపోతారు. పోయిన తుపానులో రెండు పంట్లు ఊడి కొట్టుకుపోయాయి. వాటి మీదున్న పదిహేను మందిని వెతకడానికి మూడు రోజులు పట్టింది. పద్నాలుగు మందే దొరికారు. తుపానుకి ముందు కొక్కేల కాపలాకి రమ్మని ఊళ్లో అందరినీ అడిగితే సగం మంది వద్దన్నారు. అదీ కారణం.

అడిగింది మనవి. మనవి అంటే మా ఊరి యంత్రం. ప్రతి పంటులోనూ గోడకి దాని పెట్టె ఒకటి ఉంటుంది. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసి పంచేదీ, ఊరు ఇసుకమేట ఎక్కకుండా నడిపించేదీ అదే. బలవంతం చేసే అధికారం మాత్రం దానికి ఇవ్వలేదు. అడగడమే దాని పని. ఎంత మర్యాదగా అడిగినా గొంతు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు ఉంటుంది. ఆ గొంతు వినగానే మా వాళ్ల నోట ముందు "వద్దు" వచ్చేస్తుంది. ఏమడిగిందో తర్వాత ఆలోచిస్తారు.

అదే మా ఎస్తేరక్క అడిగితే కాదనేవాళ్లు ఉండరు. బొంతు ఎస్తేరు మా పక్క పంటే. పొద్దునా మధ్యాహ్నం ఊరి మైకులో సముద్రం పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో చెప్పేది ఆవిడ. "పోటు ఏడుంబావుకండి, అంచునున్నోళ్లు గిన్నెలు లోపలెట్టుకోండి" అంటే చాలు, గిన్నెలు లేనివాళ్లు కూడా లేచి ఏదో ఒకటి లోపల పెడతారు. అందుకని ఊరి కమిటీకి ఒక ఆలోచన వచ్చింది. ఎస్తేరక్క గొంతు మనవికి పెట్టేస్తే తుపానుకి కాపలా మనుషులు కరువవరు కదా అని.

ఎస్తేరక్క వద్దంది. ప్రతి ఉదయం ఆరుంబావుకి మనవి అడుగుతుంది, ఆవిడ వద్దంటుంది. పంట్ల మధ్య మూడు అడుగులే దూరం కాబట్టి రోజూ నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఇవాళ్టికి డెబ్బై రెండో రోజు.

రోజుకి ఒక్కసారే ఎందుకు అడుగుతోందంటే మా రాజ్యాంగంలో ఇరవైమూడో హక్కు ఉంది కాబట్టి. "ఒక మనిషి ఒక సంగతికి వద్దు అన్నాక, ఆ సంగతి ఆ రోజు ఆ మనిషిని మళ్లీ అడగకూడదు. అలా అడిగి తీసుకున్న సరే చెల్లదు." అంతే. రెండు వాక్యాలు.

ఆ ఇరవైమూడుకి మూలధారిని నేనే. బాధంతా అక్కడే ఉంది.

సభకు పద్దెనిమిది రోజులు

కొక్కేలు తొంభై. ఒకటి మార్చాను. మిగతా పొద్దంతా తల గోక్కున్నాను.

మూలధారి అంటే ఏమిటో రాస్తాను. రేపు ఏ చేపో ఈ పుస్తకం మింగి ఇంకో ఊరివాళ్లకి దొరికితే వాళ్లకి తెలియాలి కదా.

మా రాజ్యాంగంలో నలభై హక్కులు. ఒకప్పుడు నలభై ఒకటి. హక్కుని పుస్తకంలో రాసి పెడితే అది అక్కడే పడుకుంటుందని మా ఊరు కట్టినవాళ్ల నమ్మకం. అందుకని హక్కు మాత్రమే రాశారు. ఆ హక్కు ఎందుకు వచ్చింది, ఎవరికి ఏ అన్యాయం జరిగితే వచ్చింది అన్నది రాయలేదు. దాన్ని మూలం అంటారు. ఒక్కో హక్కు మూలాన్నీ ఒక్కో మనిషి నోట దాచారు. పన్నెండేళ్లకోసారి పుష్కరాల ఏట సభ పెట్టి మూలధారులందరూ లేచి వరసగా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ హక్కు కొట్టేస్తారు. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియని హక్కు పోయినా ఎవరికీ తెలియదు, అలాంటిది ఉన్నా లేనట్టే అని వాళ్ల వాదన. కిందటి పుష్కరాలకి ముప్పై ఒకటో హక్కు అలాగే పోయింది. పడమర వరసలో కోడిపుంజుని పెంచుకునే హక్కు అది. పుంజులు తప్ప ఎవరూ బాధపడలేదు.

కొందరి మూలాలు గొప్పగా ఉంటాయి. నాలుగో హక్కు మాట్లాడే హక్కు. ఊరు కట్టిన మొదటి ఏడాది ఊరు నడిపే సరంగు "ఇటు వెళ్తే మేట ఎక్కుతామండి" అన్నందుకు అధ్యక్షుడు అతన్ని కొట్టులో పెట్టి తాళం వేశాడు. ఊరు మేట ఎక్కింది. ఇరవై రోజులు అక్కడే ఉన్నారు. నాలుగో హక్కు మూలధారి ఇది చెప్పేటప్పుడు ఛాతీ విరుచుకుంటాడు, ఆ సరంగు తానే అయినట్టు.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు మూలధారుల చీటీ తీశారు. నాలుగో పదో వస్తుందని ఆశపడ్డాను. ఇరవైమూడు వచ్చింది. "అడిగిందే అడగకూడదట" అని స్నేహితులు నవ్వారు. నాకు ముఖం చెల్లలేదు. పాత మూలధారి నిమ్మకాయల వెంకాయమ్మ గారు ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి మూలం మొత్తం చెప్పారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే పడవ పందేలు జరుగుతున్నాయి. ఆవిడ భుజం మీదుగా మా వరస పడవ కనిపిస్తోంది. ఆవిడ చెబుతుంటే నేను "ఆయ్, ఆయ్" అంటూ పడవ చూశాను.

చివర్లో ఆవిడ అడిగారు, "బోధపడిందా అబ్బాయ్?" అని. బాగా బోధపడిందండి అన్నాను. మా పడవ రెండో స్థానంలో వచ్చింది. ఆ సంగతి మాత్రం ఇప్పటికీ బాగా గుర్తుంది.

వెంకాయమ్మ గారు పోయి నాలుగేళ్లయింది.

సభకు పదిహేను రోజులు

కొక్కేలు అరవై. పని మీద మనసు లేదు.

కిందటి సభలో వెంకాయమ్మ గారు అందరి ముందూ మూలం చెప్పారు కదా, అప్పుడు విన్నవాళ్లు ఊళ్లో ఎనిమిది వందల మంది ఉంటారు కదా అన్న ధైర్యం ఉండేది. నిన్నటినుంచీ ఇల్లిల్లూ తిరిగాను. ఏమీ అక్కర్లేనివాడిలా మాట్లాడి, మెల్లిగా అటు తిప్పి అడిగాను.

సంగతి ఏమిటంటే, ఆ సభలో ఇరవైరెండో హక్కు అయ్యాక భోజనాలు పెట్టారు. భోజనాల తర్వాత మొదటిది ఇరవైమూడు. ఊరంతా కూర్చున్నచోటే కునికిపాట్లు పడింది.

భోజనం మాత్రం అందరికీ గుర్తుంది. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందని పడమర వరసవాళ్లు, అసలు ఆవే లేదని ఉత్తరం వరసవాళ్లు నా ఎదుటే తగువు పడ్డారు. పెరుగు పులిసిందని ముగ్గురు చెప్పారు. మూలం గురించి అడిగితే ఒకావిడ అది పెళ్లిచూపుల కథ అంది, ఒకే పిల్లని ఒకే పెళ్లికొడుకు ఏడుసార్లు అడిగాడని. ఇంకొకాయన పేకాట కథ అన్నాడు. మూడో ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, చివరికి అరటికాయ వేపుడు కూడా ఉందని చెప్పాడు.

మనవిని అడుగుదామంటే దాన్ని ఊళ్లో పెట్టి తొమ్మిదేళ్లే. అంతకు ముందువి దానికి తెలియవు. అయినా అడిగాను. "చింతిస్తున్నానండి, నా దగ్గర లేదు" అంది.

సభకు పదకొండు రోజులు

కొక్కేలు నూటపది. రెండు మార్చాను.

ఎస్తేరక్క పంటు కొక్కెం బిగించడానికి వెళ్లాను. బిగించాల్సిన అవసరం లేదు. ఆవిడ ముఖం చూడలేక చూడటానికి వెళ్లాను. ఇరవైమూడు పోతే మనవి పొద్దున్న ఆరుంబావుకి మొదలుపెట్టి సాయంత్రం దాకా అడుగుతూనే ఉండవచ్చు. దానికి అలుపు లేదు, కోపం లేదు. ఎన్నిసార్లయినా అదే మర్యాద. ఎస్తేరక్క ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఆవిడ చేపలు తోముతోంది. మీకు గొంతు ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటని మామూలుగా అడిగాను. చెప్పక్కర్లేదు కదా అంది నవ్వుతూ. ఔను, చెప్పక్కర్లేదు అన్నాను. కాసేపు తోమి తనే చెప్పింది.

"ఇప్పుడు నేనేదైనా అడిగితే ఎవరినేం అడిగానో నాకు తెలుస్తాది తమ్ముడూ. తప్పడిగితే సిగ్గేస్తాది, వెళ్లి తప్పైపోయిందంటాను. దానికిచ్చేస్తే నా గొంతు రోజూ ఎంతమందిని ఏం అడుగుద్దో నాకు తెలీకుండా పోద్ది. జనం నన్ను చూసి సరే అంటారు. నేనక్కడుండను."

తర్వాత ఇరవైమూడు నా దగ్గరుంది కాబట్టి తనకి భయం లేదంది. నేను వదులు కాని కొక్కేన్ని మరోసారి బిగించి వచ్చేశాను.

సభకు ఏడు రోజులు

కొక్కేలు చూడలేదు. ఏనుగు కూడా రాలేదు.

నా అవస్థ చూడలేక మా ఆవిడ మంగతాయారు అసలు సంగతి కక్కించింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పప్పు గిన్నె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, అదెంత పని, ఒక కథ కట్టేద్దాం అంది. మిగతా మూలాలన్నీ నిజమేనని ఎవరు చూశారు అంది. తను మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతుంది, కథ కట్టడం తనకి చిటికెలో పని.

అరగంటలో కడలి వీరాస్వామి పుట్టాడు. మొదటి ఏడాది ఊరి కమిటీ ఆయన్ని పడవ ఇమ్మని రోజుకి వందసార్లు అడిగింది. ఆయన ప్రతిసారీ వద్దన్నాడు. వందోసారి వద్దంటూ గుండె ఆగి పడిపోయాడు. పడిపోయే ముందు ఆయన అన్న మాటలు మంగతాయారే రాసింది. చదివితే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకి మీసాలు ఉండాలని నేను అన్నాను. ఉంటాయి, గుబురు మీసాలు అంది.

అబద్ధం చెప్పబోతున్నానని తెలుసు. అయినా ఈ వారంలో మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

సభకు ఒక రోజు

కొక్కేలు నూటనలభై. అన్నీ బాగున్నాయి. నిజంగానే చూశాను.

వీరాస్వామి కథ నోటికి వచ్చేసింది. అద్దం ముందు ఛాతీ విరుచుకోవడం కూడా సాధన చేశాను.

సభ రోజు

ఇవాళ్టిది రెండు పేజీలు పడుతుంది. కొక్కేల సంగతి రేపు.

సభ నడిమి పంటు మీద పెట్టారు. అధ్యక్షురాలు గెద్దాడ పల్లాలమ్మ గారు. మంచి మనిషి, పెద్ద నవ్వు. తుపానులో దొరకని ఆ ఒక్క మనిషి కోసం మూడు రోజులూ ఆవిడే పడవలో తిరిగింది. గొంతు ఆలోచన కూడా ఆవిడదే. ఇంకో మనిషిని పోగొట్టుకోనని పట్టుబట్టింది. అందుకే ఆవిణ్ణి తప్పుపట్టలేను.

తొమ్మిదో హక్కు దగ్గర నా వీరాస్వామికి మొదటి దెబ్బ తగిలింది. ఎవరి పెట్టెనీ వారు చెప్పకుండా తెరవకూడదన్నది తొమ్మిది. దాని మూలధారి పితాని కామయ్య గారు, డెబ్బై ఏళ్లుంటాయి. లేచి ఛాతీ విరుచుకోలేదు. బియ్యం దాచిందని ఒకావిడ పెట్టెని కమిటీ నడివీధిలో పగలగొట్టిందని, లోపల బియ్యం లేవని, ఆవిడ చనిపోయిన పసిబిడ్డ బట్టలు మడతపెట్టి ఉన్నాయని చెప్పారు. పగలగొట్టిన మనిషి పేరు కూడా చెప్పారు. అది ఆయన తాతగారి పేరు. చెప్పి కూర్చున్నారు. 

నా వీరాస్వామి మీసాలు అప్పుడే రాలిపోయాయి.

ఇరవైరెండు అయింది. ఆచారం ప్రకారం భోజనాలు పెట్టారు. ఈసారి గుత్తివంకాయ. నాకు ఒక్క ముద్ద దిగలేదు. భోజనాలయ్యాక నా పేరు పిలిచారు. లేచాను. సగం ఊరు అప్పటికే కళ్లు మూస్తోంది. "మొదటి ఏడాది కడలి వీరాస్వామి అనే ఆయన..." అని ఎత్తుకున్నాను. రెండో వరసలో ఎస్తేరక్క నిటారుగా కూర్చుని నన్నే చూస్తోంది. కామయ్య గారు కూడా చూస్తున్నారు.  

"నాకు తెలీదండి. ఆవిడ చెప్పిన్రోజు నేను పడవ పందేలు చూత్తన్నాను," అన్నాను.

ముందు నవ్వారు. నేను తమాషా చేస్తున్నాననుకున్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కునుకుతున్నవాళ్లు కూడా లేచారు.

పల్లాలమ్మ గారు నిట్టూర్చి, మూలం లేకపోతే హక్కు ఉండదని నియమం చదివారు. ఆవిడకీ కష్టంగానే ఉంది. ఇరవైమూడు పోవాలని ఆవిడతో సహా ఎవరికీ లేదు. నియమంలో ఒక వెసులుబాటు ఉందని ఆవిడే వెతికి చెప్పారు. ప్రస్తుతం ఏ తగువూ లేని హక్కు అయితే, మూలం వెతకడానికి తర్వాతి పుష్కరాల దాకా గడువు ఇవ్వవచ్చు. ఇరవైమూడు మీద ఊళ్లో ఉన్న తగువు ఒక్కటే, ఎస్తేరు గొంతు. ఆవిడ సరే అంటే తగువు లేదు. తగువు లేకపోతే హక్కు బతుకుతుంది.

వినడానికి ఎంత బాగుందో. ఊరంతా హమ్మయ్య అనుకుని ఎస్తేరక్క వైపు తిరిగింది.

ముందు పల్లాలమ్మ గారే అడిగారు, ఊరి మంచి కోసం సరే అనమ్మా అని. ఎస్తేరక్క లేచి వద్దండి అంది. పడమర వరస పెద్ద అడిగాడు. వద్దండి. డాక్టరమ్మ అడిగింది. పెద్ద పంతులుగారు అడిగారు, హక్కు నిలబెట్టే అవకాశం అందరికీ రాదని. వద్దండి, వద్దండి. తుపానులో దొరకని మనిషి భార్య లేచింది. ఆవిడ ఏమీ వివరించలేదు. ఒప్పుకో ఎస్తేరూ అంది, అంతే. ఎస్తేరక్క ఆవిణ్ణే చూస్తూ, క్షమించండి, వద్దు అంది. గొంతు అప్పటికే జీరపోయింది. పల్లాలమ్మ గారు మళ్లీ అడిగారు. మా మంగతాయారు, నా మీద ప్రేమతో, వెళ్లి చెయ్యి పట్టుకుని అడిగింది. ఎస్తేరక్క తల అడ్డంగా ఊపింది.

ఎవరూ కేకలు వేయలేదు. అందరూ ప్రేమగానే అడిగారు. అది రాయాలి. ఒక్కరైనా కసిరి ఉంటే ఆవిడకి తేలికయ్యేది.

ఆ తర్వాత నేను అడిగాను.

ఎందుకు అడిగానో రాసుకోకపోతే ఈ పుస్తకం మొత్తం ఏనుగే అవుతుంది. ఆవిడ సరే అంటే నా తప్పు కప్పబడిపోతుంది. పన్నెండేళ్ల గడువు దొరుకుతుంది. ఇంకేమీ లేదు.

"అక్కా, ఈ ఒక్కసారికి నా ముఖం చూసి..." అన్నాను.

ఆవిడ నా ముఖం చూసింది. "సరే," అంది.

చప్పట్లు కొట్టారు. పల్లాలమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. ఎస్తేరక్క కూర్చుంది. ఆ సరే ఎవరి గొంతో నాకు తెలియలేదు. రోజూ పోటు ఎప్పుడో చెప్పే గొంతు మాత్రం కాదు.

సంతకాలకి ముందు సభలో జరిగింది మనవి చదివి వినిపించాలి. అది దాని పద్ధతి. గులకరాళ్ల గొంతుతో మొదలుపెట్టింది.

"బొంతు ఎస్తేరు గారిని గొంతు విషయం ఈ ఉదయం ఆరుంబావుకి నేను అడిగాను. వద్దన్నారు. మధ్యాహ్నం పల్లాలమ్మ గారు అడిగారు. వద్దన్నారు. పడమర వరస పెద్ద గారు అడిగారు. వద్దన్నారు."

అలా వరసగా చదువుకుంటూ పోయింది. ఒక్కో పేరు దగ్గరా ఒక్కో తల వంగింది. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొమ్మిదోసారి వాసంశెట్టి తాతబ్బాయి గారు అడిగారు. సరే అన్నారు. దీన్ని సరే అని రాసుకోమంటారా అండి?"

 అడగడమే పనిగా పుట్టిన యంత్రం రోజుకి ఒక్కసారి అడిగి ఊరుకుంది. మేము భోజనం చేసి వచ్చి ఎనిమిదిసార్లు అడిగాం.  నేను లేచాను.

"రాయకు. ఆ సరే చెల్లదు. ఇరవైమూడుకి మూలం అడిగారు గదండి, ఇదేనండి మూలం. అడిగినోళ్లందరి పేర్లూ అందులో ఉండాల. ఆఖర్న నాది."

హక్కు ముందు పుట్టి మూలం తర్వాత పుడుతుందా అని నాలుగో హక్కు మూలధారి లేచాడు. పద్ధతి ప్రకారం ఆయన అడిగింది సబబే.  కామయ్య గారు కూర్చునే జవాబు చెప్పారు.

"మా తాత ఆ పెట్టె పగలగొట్టడానికి ముందు ఎన్ని పెట్టెలు పగలగొట్టాడో ఎవరికి తెలుసండి. ఆవిడ నడివీధిలో కూలబడిపోయింది కాబట్టి మనం చూశాం. చూసిందే మూలం. ఇవాళ ఇది చూశాం."

చేతులెత్తమన్నారు. పల్లాలమ్మ గారి చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఇరవైమూడు నిలబడింది. తిరిగి చూస్తే ఎస్తేరక్క కుర్చీ ఖాళీగా ఉంది.

సభ అయిన మర్నాడు

కొక్కేలు నూటనలభై.

పొద్దున్న మైకులో పోటు సమయం చెప్పింది. గొంతు బొంగురుపోయి ఉంది. ఏడుంబావో ఏడున్నరో తెలియక అంచు మీద సగం మంది గిన్నెలు తడిశాయి.

ఆరుంబావుకి మనవి అడిగింది. వద్దంది. ఏడింటికి నేను వెళ్లి, తప్పైపోయింది, క్షమించక్కా అన్నాను. ఆవిడ నన్ను ఎప్పుడూ తమ్ముడూ అనే పిలుస్తుంది.

"ఇప్పుడు కాదు తాతబ్బాయి గారూ. మీరెళ్లండి," అంది.

గారూ అంది. మీరు అంది. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. వద్దన్నాక ఆ రోజు మళ్లీ అడగకూడదు కాబట్టి ఇంటికి వచ్చేశాను.

మూడో రోజు

కొక్కేలు నూట ఇరవై. రెండు మార్చాను.

పల్లాలమ్మ గారు ఈ పొద్దునుంచీ తనే ఒక్కో పంటూ ఎక్కి, గడప ముందు నిలబడి, తుపాను కాపలాకి వస్తారా అని అడుగుతున్నారు. ఇంటికి ఒక్కసారే. మా గడప దగ్గరికి వచ్చేసరికి ఆయాసపడుతున్నారు. వస్తామన్నాం. మంగతాయారు మజ్జిగ ఇచ్చింది. తూర్పు వరసలో ముప్పై రెండు ఇళ్లకి ఇరవై ఏడు ఒప్పుకున్నాయి. మిగతా ఐదు ఇళ్లకి రేపు మళ్లీ వెళ్తారట, వద్దన్నవాళ్లకి కారణం చెప్పుకోనక్కర్లేదని కూడా చెప్పి వచ్చారట.

ఎస్తేరక్క ఇవాళ కూడా కాదంది. నిన్నా అంతే.

ఐదో రోజు

కొక్కేలు నూటనలభై. అన్నీ బాగున్నాయి.

పొద్దున్న ఎస్తేరక్క పంటు వైపు కాలు పెట్టబోతుంటే మనవి తన ప్రశ్న అడగడం వినిపించింది. రోజూ ఒకే సమయానికి, రోజుకి ఒకేసారి, ఎంతో మర్యాదగా. ఆవిడ వద్దంది. తర్వాత వంతు నాది. నేనూ ఒకే సమయానికి, రోజుకి ఒకేసారి, ఎంతో మర్యాదగా వెళ్తున్నాను. నియమం ఎక్కడా తప్పలేదు. అలాగే ఇంకో డెబ్బై రోజులు వెళ్లగలను. ఆవిడ ప్రతి ఉదయం లేచి ముందు యంత్రానికి ఒక వద్దు, తర్వాత నాకు ఒక వద్దు చెప్పుకోవాలి. క్షమించలేకపోయినందుకు ఆవిడే తప్పుచేసినదానిలా.

పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను. ఇక అడగను. ఈ ఊళ్లో ఆ హక్కు గురించి అందరికంటే తక్కువ తెలిసినవాడిని నేనే అనుకుంటున్నాను, మూలధారిని కూడా నేనే.

తొమ్మిదో రోజు

కొక్కేలు నూటనలభై. ఎస్తేరక్క పంటు కొక్కెం ఈసారి నిజంగానే వదులైంది. వెళ్లక తప్పలేదు.

తల వంచుకుని పని చేసుకుంటున్నాను. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. గొంతు కొంచెం బాగుపడినట్టుంది, పొద్దున్న ఎవరి గిన్నెలూ తడవలేదు. నాలుగు రోజులుగా అడగడం లేదేంటి అంది. ఇక అడగనండి అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను, మనవి తర్వాత వంతు నాదని అనిపించిందని. ఆవిడ బియ్యం ఏరుతూనే ఉంది. ఒక మట్టిబెడ్డ తీసి నీళ్లలోకి విసిరింది.

నేను నట్టు బిగించి, గ్రీజు పూసి, సామాను సంచిలో సర్దుకున్నాను. వెళ్లడానికి లేచాను.

"టీ తాగుతావా?" అంది.

ఒక్కసారే అడిగింది. తాగుతానన్నాను.